గాల్వెస్టన్ క్రూయిజ్‌లో వెళ్లి కోజుమెల్‌లో డైవింగ్ చేయొచ్చా? డైవర్లు ఎందుకు తిడుతున్నారు?

ఫ్రిస్కో కుర్రోడు

అందరికీ నమస్తే. డిసెంబరు సెలవులకి గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాం. మేమిద్దరం, పిల్లలు, నెల్లూరు నుంచి వస్తున్న మా అత్తగారు, మామగారు. రోయటాన్, కోస్టా మాయా, మెక్సికో దీవి కోజుమెల్ దగ్గర ఆగుతుంది. ఈ ఏడాదే నాకు ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (డైవింగ్‌లో మొదటి మెట్టు) వచ్చింది. డాలస్ దగ్గర ఒక క్వారీ చెరువులో నేర్చుకున్నాను. చేయి చాస్తే వేళ్లు కనబడని నీళ్లు. కాబట్టి కోజుమెల్ పేరు వింటేనే నోరూరుతోంది.

మొన్న డైవ్ షాపులో మాస్క్ కొంటూ ఈ సంగతి చెప్పాను. కౌంటర్‌లో ఉన్న పెద్దాయన మొహం మీదే అనేశాడు, "మీ ఓడల వల్లే ఆ దీవి నాశనమైంది, డైవరనేవాడు విమానంలో వెళ్లి వారం ఉండాలి" అని. నాకు అర్థం కానిది ఇదే. ఒక్కరోజు దిగి రెండు డైవ్‌లు చేసి వచ్చేస్తే ఏం పాడైపోతుంది? నేను ఎక్కినా ఎక్కకపోయినా ఆ ఓడ వెళ్లేదే కదా? తెలిసినవాళ్లు చెప్పండి. ఓడవాళ్లు అమ్మే ఎక్స్‌కర్షన్ తీసుకోవాలా, బయటి షాపులో బుక్ చేసుకోవాలా అన్నది కూడా.

ఓరుగల్లు పోరగాడు

బ్రో, ఏం టెన్షన్ తీసుకోకు. మేం పోయినేడు పోయొచ్చినం, మస్తుగుండె. అత్తమామలను తీస్కపోతున్న అంటున్నవ్, గా వయసోళ్లకు క్రూయిజ్ అంత సుఖం ఇంకోటి లేదు. రోజుకో హోటల్ మారుడు లేదు, పెట్టెలు సర్దుడు లేదు, ముందుగాల చెప్తె పప్పన్నం గూడ చేసిపెడ్తరు. నాకు డైవింగ్ రాదు. ఎల్ సియెలో అని ఉంటది, పడవల తీస్కపోయిన్రు, నడుముల్లోతు నీళ్లు, కింద తెల్ల ఇసుక మీద పెద్ద పెద్ద స్టార్‌ఫిష్‌లు. పిల్లలు రానంటరు ఆడికెల్లి.

ఆ ఊర్ల ట్యాక్సీ ఆయన కాడికెల్లి టోపీలు అమ్మేటామె దాక అందరు ఓడల మీదనే బతుకుతున్నరు. ఓడలు రావొద్దు అంటె వాళ్ల కడుపు కొట్టినట్టే గద? డైవర్లకు జర ఎక్కువైతది, సముద్రం వాళ్ల తాత కొనిపెట్టినట్టు మాట్లాడ్తరు.

భీమిలి లక్ష్మి

తమ్ముడూ, ఆ షాపాయన చెప్పిన దాంట్లో సగం నిజముంది, చెప్పిన తీరే బాలేదు. నేను హ్యూస్టన్ దగ్గర కేటీలో ఉంటాను. కోజుమెల్ తరచూ వెళ్తాను. సాన్ మిగేల్ ఊళ్లో, సముద్రానికి నాలుగు వీధులు లోపల, ఒక ఇంటి మేడ మీద గది తీసుకుని ఉంటాను. నా గొడవ ఓడ దిగి వచ్చే మనుషులతో కాదు. ఓడ ఎక్కడ ఆగుతుంది, ఎన్ని గంటలకి ఆగుతుంది అన్న రెండిటితోనే.

ఆ దీవి పొడవు దాదాపు 48 కిలోమీటర్లు, వెడల్పు 16. తూర్పు వైపంతా అలల దెబ్బ, అటు ఎవరూ పెద్దగా డైవ్ చేయరు. పగడపు దిబ్బలన్నీ, అంటే రీఫ్‌లన్నీ, పడమటి వైపు, గాలి చాటున ఉన్నాయి. ఓడ కట్టడానికి పనికొచ్చేదీ ఆ పడమటి ఒడ్డే. డైవర్‌కి కావలసిన నీళ్లూ ఓడకి కావలసిన నీళ్లూ ఒకటే అయిపోయాయి, అసలు పేచీ అక్కడ మొదలైంది. మూడు జెట్టీలున్నాయి: ఊరి నడిబొడ్డున పుంతా లాంగోస్తా, దానికి దక్షిణంగా ఇంటర్నేషనల్ పియర్, పుయెర్తా మాయా. దీవి మీద ఉండేవాళ్లు లక్షలోపు. ఏడాదికి ఓడ దిగేవాళ్లు 40 లక్షల పైమాటే.

పుయెర్తా మాయా జెట్టీ పక్కనే పారడైజ్ రీఫ్ ఉంది. ఆ జెట్టీ కట్టేటప్పుడే పెద్ద రగడ జరిగింది. 1996లో మెక్సికో పర్యావరణ సంఘాలు నాఫ్టా (అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందం) కింద ఏర్పడిన పర్యావరణ సహకార కమిషన్ దాకా వెళ్లి, రీఫ్ సంగతి పూర్తిగా లెక్కలోకి తీసుకోకుండా అనుమతిచ్చారని ఫిర్యాదు చేశాయి. 1997లో కమిషన్ ఆ వ్యవహారం మీద నివేదిక ప్రచురించింది. జెట్టీ మాత్రం కట్టేశారు. తమాషా ఏమిటంటే దక్షిణాన ఉన్న రీఫ్‌లని నేషనల్ పార్కుగా ప్రకటించిందీ ఆ 1996లోనే. 2005లో విల్మా తుఫాను జెట్టీలని విరగ్గొడితే మళ్లీ కట్టారు.

పారడైజ్ రీఫ్ లోతు నలభై అడుగులు, అటూ ఇటూ. ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఓడ నుంచి వచ్చిన కొత్త డైవర్లని రెండో డైవ్‌కి అక్కడికే తెస్తారు. నిన్నూ తెచ్చే అవకాశం ఎక్కువ. తెస్తే పగడం అంచుల కింద, ఇసుకలో గొయ్యి చేసినట్టున్న చోట టార్చి వేసి చూడు. స్ప్లెండిడ్ టోడ్‌ఫిష్ ఉంటుంది. చదును తల, మొహమంతా తెలుపు నలుపు చారలు, గడ్డం కింద వేలాడే కొసలు, రెక్కల అంచులకి పసుపు. ప్రపంచంలో దీన్ని చూడాలంటే దాదాపు ఈ దీవికే రావాలి. మగది ఆడదాన్ని పిలవడానికి గాలితిత్తిని అదిలించి బొంగురుగా మూలుగుతుంది. మధ్యాహ్నం డైవ్‌లో ఆ మూలుగు నేను విన్నాను. కాసేపటికి జెట్టీ దగ్గర ఓడ కదిలింది. ఆ మోత చెవికంటే ముందు గుండెకి తగులుతుంది. ఇంక చేప ఏమంటోందో ఎవరికీ వినపడదు, ఆడచేపకి కూడా. ఐదు నిమిషాల్లో జెట్టీ వైపు నుంచి నీళ్లు పాలపొడి కలిపినట్టు తెల్లగా మారుతూ మా మీదికి వచ్చాయి. ఓడని పక్కకి తోసే థ్రస్టర్లు అడుగున ఉన్న ఇసుకని లేపుతాయి, అదీ సంగతి. పగడం మీద మట్టి పడితే అది జిగురు వదిలి తనని తాను కడుక్కుంటుంది, దానికి బోలెడు శక్తి ఖర్చవుతుంది. ఎప్పుడో ఒకసారైతే తట్టుకుంటుంది. రోజూ నాలుగైదు ఓడలు వచ్చి పోతుంటే?

ఇంక గంటల సంగతి. ఓడలన్నీ పొద్దున్నే వస్తాయి, సాయంత్రం వెళ్లిపోతాయి. అంటే వేలమంది ఒకే ఆరేడు గంటల్లో, ఎవరికైనా అందే నాలుగు చోట్ల పడతారు. లోతైన రీఫ్‌కి వాళ్లు రారు, రాలేరు. లోతులేని చోట్లే నలుగుతాయి. ఓరుగల్లు తమ్ముడూ, మీరు నిలబడ్డ ఎల్ సియెలోని 2019 అక్టోబరులో పార్కువాళ్లు కొన్నాళ్లు మూసేశారు, తెలుసా? దాంతోపాటు పాలంకార్, కొలంబియా రీఫ్‌లని కూడా. అప్పటికి పగడాలకి ఒక జబ్బు వచ్చింది. ముందు ఒక తెల్ల మచ్చ, కొన్ని వారాల్లో వందేళ్ల బ్రెయిన్ కోరల్ (మెదడులా ముడతలుండే పగడం) మొత్తం చచ్చిపోతుంది. 2014లో ఫ్లోరిడాలో మొదట కనబడింది, 2018లో మెక్సికో తీరానికి వచ్చింది. ఇక్కడ నీళ్లు పారేది యుకటాన్ నుంచి ఫ్లోరిడా వైపు. జబ్బు ఎదురు ప్రవాహంలో ఎలా వచ్చింది? ఓడల బల్లాస్ట్ నీళ్లలో వచ్చి ఉండొచ్చని చాలామంది శాస్త్రవేత్తల అనుమానం. రుజువు కాలేదు, అందుకే గట్టిగా అనను.

కడుపు కొట్టడం గురించి. అక్కడ నేనుండే ఇంటి ఓనరమ్మ తమ్ముడు ట్యాక్సీ నడుపుతాడు. 2020 మార్చిలో ఓడలు ఆగిపోయి 2021 జూన్ దాకా రాలేదు, ఆ రోజుల్లో అతను కారు అమ్ముకునే దాకా వచ్చింది. ఉన్న మూడూ చాలక నాలుగో జెట్టీ కడతామంటే, వద్దని సంతకం పెట్టినవాడూ అతనే. ఓడలు వద్దని కాదు, ఇంకో జెట్టీ వద్దని. ఇవాళ వచ్చే జనానికే ఊళ్లో నీళ్లూ, మురుగు కాల్వలూ చాలట్లేదు, జెట్టీ గేటు లోపలే షాపులన్నీ ఉంటే దిగినవాడు నా బండి దాకా రాడు అంటాడు. ఇందులో నాకు తప్పేం కనబడలేదు.

ఇప్పుడు నీ ప్రశ్న. వెళ్లు. అత్తమామల్ని తీసుకుని వెళ్లు, హాయిగా వెళ్లు. డైవ్ మాత్రం ఆరుగురికి మించని చిన్న పడవ ఉన్న ఊరి షాపులో బుక్ చేసుకో. నీ సర్టిఫికెట్ కొత్తదని, చెరువులో నేర్చుకున్నావని ముందే చెప్పు, సిగ్గుపడకు. అక్కడిది డ్రిఫ్ట్ డైవింగ్: ప్రవాహం నిన్ను మోసుకెళ్తుంది, పడవ పైన వెంట వస్తుంది. కాళ్లు ఆడించకు, దేన్నీ పట్టుకుని ఆగాలని చూడకు. కొత్తవాళ్లు కంగారులో పట్టుకునేది పగడాన్నే. పార్కులో గ్లౌజులు నిషేధం, కారణం అదే. చేతికి తొడుగు లేకపోతే ఎవరూ దేన్నీ పట్టుకోరు. సన్‌స్క్రీన్ పూసుకోకు, పొడుగు చేతుల రాష్‌గార్డ్ వేసుకో. మొదటి డైవ్‌కి పాలంకార్ గార్డెన్స్ అడుగు. ఎవరైనా డెవిల్స్ త్రోట్ అని ఊరిస్తే వెళ్లకు, అది నూట ముప్పై అడుగుల లోతు, నీ కార్డు అరవై అడుగులకి.

ఫ్రిస్కో కుర్రోడు

అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్స్. టోడ్‌ఫిష్ ఫొటో వెతికి మా పాపకి చూపించాను, "తాతయ్య మీసాలు" అంది.

ఇంకో అనుమానం. ఓడలో ఐదారు వేలమంది స్నానాలు, వంటలు, బాత్రూములు. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? సముద్రంలోకి వదిలేస్తారని ఆఫీసులో ఒకడు, అదంతా పాతకాలం మాట అని ఇంకొకడు.

ఇంజిన్‌రూమ్ బాబాయ్

ఇద్దరూ కొంత కరెక్టే బాబూ. మాది గాజువాక. రిటైరయ్యే దాకా ఇంజిన్ రూములోనే గడిపాను, మొదట ట్యాంకర్లు, చివర్లో ప్యాసింజర్ ఓడలు.

బాత్రూము నీళ్లకి మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. శుద్ధి చేయనిది ఒడ్డుకి 12 నాటికల్ మైళ్లు దాటాక, ఓడ నడుస్తుండగా కొద్దికొద్దిగా వదలొచ్చు. ముక్కలు చేసి క్రిములు చంపినదైతే 3 మైళ్ల అవతల చాలు. కొత్త ఓడల్లో ట్రీట్‌మెంట్ ప్లాంట్లు బాగుంటాయి, మా కాలం కంటే చాలా నయం. స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు, లాండ్రీ నీళ్లు, వీటిని గ్రే వాటర్ అంటాం. మార్పోల్‌లో వీటికి నిబంధనే లేదు. పరిమాణంలో ఎక్కువ ఇవే. కొన్ని దేశాలు సొంత చట్టాలు పెట్టుకున్నాయి, కొన్ని కంపెనీలు సొంత నియమాలు పెట్టుకున్నాయి, అంతవరకే.

బల్లాస్ట్ అంటే ఓడ ఒరగకుండా ట్యాంకుల్లో నింపుకునే సముద్రపు నీళ్లు. ఒక రేవులో నింపి ఇంకో రేవులో వదిలితే అక్కడి ప్రాణులు ఇక్కడికి వస్తాయి. దీనికి ప్రపంచ ఒప్పందం 2017 సెప్టెంబరులోగానీ అమల్లోకి రాలేదు. శుద్ధి యంత్రాల గడువు 2024 దాకా సాగింది. లక్ష్మమ్మ చెప్పిన జబ్బు మెక్సికో చేరింది మధ్యలో. ఒక మాట న్యాయంగా చెప్పాలి: ట్యాంకర్‌తో, బొగ్గు ఓడతో పోలిస్తే క్రూయిజ్ ఓడకి బల్లాస్ట్ తక్కువ. తప్పంతా దాని నెత్తిన రుద్దకండి.

ఓడ అడుగున చేరే నూనె కలిసిన నీళ్లు, బిల్జ్ నీళ్లంటాం, వాటిదే ఇంకో కథ. వాటిని ఫిల్టర్ దాటించకుండా బయటికి పంపే దొంగ గొట్టాన్ని మా భాషలో మ్యాజిక్ పైప్ అంటారు. 2013లో ప్రిన్సెస్ అనే క్రూయిజ్ కంపెనీ ఓడలో కొత్తగా చేరిన ఒక ఇంజినీరే దాన్ని బయటపెట్టాడు. 2016లో కంపెనీ తప్పొప్పుకుని 4 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. 2019లో మాతృసంస్థ ప్రొబేషన్ షరతులు ఉల్లంఘించినందుకు ఇంకో 2 కోట్లు. ఆ కుర్రాడు ఉద్యోగం పోతుందని భయపడి నోరు మూసుకుని ఉంటే ఎవరికి తెలిసేది? జూనియర్లకి ఎప్పుడూ ఇదే చెప్పేవాణ్ణి: ఆయిల్ రికార్డు బుక్‌లో నీ సంతకం ఉంటుంది, కంపెనీది కాదు.

జెట్టీ లేకపోతే బాగుంటుందనుకోకండి. కరీబియన్‌లోనే ఉన్న గ్రాండ్ కేమన్ దీవిలో పెద్ద ఓడలకి జెట్టీ లేదు, బయట ఆగి జనాన్ని చిన్న బోట్లలో దించుతారు. 2015 డిసెంబరులో ఒక క్రూయిజ్ ఓడ లంగరు గొలుసు పగడాల మీద పడి ఉన్నది ఒక డైవర్ వీడియో తీస్తే ప్రపంచమంతా చూసింది. అధికారులు చెప్పిందేమిటంటే, ఓడ తనకి కేటాయించిన చోటే లంగరు వేసింది అని! గొలుసు ఒక్కో లింకు మనిషి ఎత్తలేడు. ఓడ గాలికి తిరిగినప్పుడల్లా అడుగున ఊడుస్తుంది. అయినా జెట్టీ కడతామంటే కేమన్ జనం ఒప్పుకోలేదు, 2025 ఏప్రిల్ 30న రెఫరెండంలో వద్దన్నారు. కీ వెస్ట్‌లో 2020లో ఊరివాళ్లు ఓటేసి రోజుకి 1,500 మంది కంటే దిగకూడదన్నారు, మరుసటేడు ఫ్లోరిడా రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి ఆ ఓటుని రద్దు చేసింది.

చిన్న ఓడలైతే మంచివనీ అనుకోకండి. ఇండోనేషియాలోని రాజా అంపాట్ దీవులు డైవర్లకి కాశీ లాంటివంటారు. 2017 మార్చిలో కలెడోనియన్ స్కై అనే తొంభై మీటర్ల చిన్న ఓడ అక్కడ నీళ్లు తీసిన సమయంలో రీఫ్ మీదికి ఎక్కేసింది. టగ్‌తో లాగిస్తే ఇంకా నుజ్జయింది. అందులో ఉన్నది వందమంది టూరిస్టులు, పక్షులు చూసొచ్చినవాళ్లు.

ఓరుగల్లు పోరగాడు

బాబాయ్, గిదైతె తెల్వదు. బాగ చెప్పిన్రు.

లక్ష్మక్కా, నువ్వు చెప్పింది ఇన్న. మా గైడే స్టార్‌ఫిష్‌ను నీళ్లలకెల్లి తీసి ఫొటోకు చూపిచ్చిండు, వద్దనాలె అని టూరిస్టుకెట్ల ఎరుక? గైడుకు నేర్పాలె. ఇంగోటి, నువ్వు విమానంల పోతవ్. దాని పొగ సముద్రానికి తగల్దా? ఓడోళ్లనే ఎందుకనాలె?

భీమిలి లక్ష్మి

గైడు గురించి నువ్వన్నది నిజం. వాడికి టిప్ వచ్చేది ఆ ఫొటో వల్లే. పడవలో పాతికమందిని ఎక్కించుకుని గంటన్నరలో తిప్పి పంపాలి, ఇంకో పాతికమంది జెట్టీ దగ్గర నిలబడి ఉంటారు. ఆ హడావుడిలో ఎవరికి ఏం చెప్తాడు? అందుకే గంటల గురించి అంత రాశాను. అదే గైడు, ఓడల్లేని రోజున నన్ను తీసుకెళ్లినప్పుడు, ముట్టుకోవద్దని ముందే చెప్పాడు.

విమానం పొగ తగులుతుంది, ఎందుకు తగలదు. 2023లో కరీబియన్ నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. ఆ వేడిలో నా టికెట్ వాటా నాకుంది, ఓడ పొగకి దానిది ఉంది. ఆ లెక్కలో నేను గెలుస్తానని పందెం కాయను. కానీ జెట్టీ పక్కన ఇసుక లేపేది, లోతులేని చోట వేలమందిని ఒకేసారి దించేది వేరే లెక్క. వేడిని ఆ దీవివాళ్లు ఆపలేరు. రోజుకి ఎన్ని ఓడలన్నది వాళ్ల చేతిలో ఉంది, లేదా ఉండాలి. మెక్సికో తలకి 42 డాలర్ల పన్ను వేస్తామంది, కంపెనీలు గోల చేస్తే 2025 జులై నుంచి 5 డాలర్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతామని సర్దుకుంది. టికెట్ మీద ఐదు డాలర్లు! ఓడలో ఒక కాక్‌టెయిల్ రాదు దానికి.

రుషికొండ రాజు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. వైజాగ్‌లోనూ క్రూయిజ్ టెర్మినల్ వచ్చింది కదా. ఇక్కడ రుషికొండలో, భీమిలిలో డైవింగ్ చేయిస్తున్నారు. మనకీ ఈ బాధలు వస్తాయా బాబాయ్ గారూ?

ఇంజిన్‌రూమ్ బాబాయ్

రాజూ, మన టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభించారు, దాదాపు 96 కోట్లు పెట్టి. అది ఉన్నది పాత పోర్టు హద్దుల్లోనే, ముడి ఇనుము, బొగ్గు ఓడలు ఎప్పటినుంచో తిరిగే చోట. వైజాగ్ నీళ్ల అడుగున ఉన్నది ఎక్కువగా రాళ్లు, వాటి మీద పెరిగే ప్రాణులు. కోజుమెల్ లాంటి పగడపు గోడలు కావు. వచ్చే క్రూయిజ్ ఓడలూ ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాకు బెంగ ఉన్నది లక్షద్వీప్ గురించి. ఆ లగూన్లు (దీవికీ పగడపు దిబ్బకీ మధ్య ఉండే లోతులేని నీళ్లు) చాలా చిన్నవి, పగడాలు 1998 నుంచి ఎండదెబ్బ మీద ఎండదెబ్బ తింటున్నాయి, ఓడ బయట ఆగి జనాన్ని పడవల్లో లోపలికి తేవాలి. అక్కడ రోజుకి ఎంతమంది అన్నది ఓడలు రాకముందే రాసిపెట్టుకోవాలి. వచ్చాక రాయబోతే ఏమవుతుందో కీ వెస్ట్‌లో చూశాం.

ఫ్రిస్కో కుర్రోడు

అందరికీ థాంక్స్. బయటి షాపులోనే బుక్ చేస్తున్నాను. ఒకటే భయం, డైవ్ లేటయితే ఓడ వెళ్లిపోతుందేమో. మా ఆవిడ "నువ్వు అక్కడే ఉండిపో, మేం వెళ్లిపోతాం" అంటోంది.

భీమిలి లక్ష్మి

ఆ భయం ఉండాలి. ఓడవాళ్లు అమ్మిన ఎక్స్‌కర్షన్ లేటయితే ఓడ ఆగుతుంది, నువ్వు సొంతంగా వెళ్తే ఆగదు. జెట్టీ మీద పరుగెత్తేవాళ్లని పై డెక్ నుంచి చప్పట్లు కొట్టి చూస్తారు, అదో వినోదం. ముఖ్యంగా టైం చూసుకో. కోజుమెల్ ఉన్న రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడుగునా ఒకటే టైం పాటిస్తుంది. వేసవిలో టెక్సాస్‌తో సమానం, డిసెంబరులో మనకంటే గంట ముందు. ఓడ తన గడియారం మార్చొచ్చు, మార్చకపోవచ్చు. డైవ్ షాపు తొమ్మిదింటికి రమ్మంటే ఏ తొమ్మిది అని మెయిల్‌లోనే అడుగు. ఫోన్ తనంతట తాను టైం మార్చేసుకుంటుంది, దాన్ని నమ్మకు, మామూలు చేతిగడియారం ఓడ టైంకి పెట్టుకో.

ఓడ పదింటికి గానీ రాకపోతే ఉదయం పడవ అందదు, రెండో ట్రిప్ ఉన్న షాపు చూసుకో. తిరుగు పడవకీ ఓడ ఎక్కే ఆఖరి టైంకీ మధ్య రెండు గంటలు ఉంచు, పాలంకార్ నుంచి నెమ్మది పడవలో ముప్పావుగంట పడుతుంది. పార్కు ఫీజుకి చిల్లర నోట్లు జేబులో పెట్టుకో, కార్డు అన్ని పడవల మీదా తీసుకోరు.